వంతెన లేని ఒడ్డున కోళ్ల ఫారం

ఫారం పెట్టాలని ఉవ్విళ్లూరుతున్న సోదర సోదరీమణులారా! నా సలహా ఒక్కటే. రోడ్డూ, కరెంటూ, డాక్టరూ, ఫోన్ సిగ్నలూ ఉన్న ఊరికి పొరపాటున కూడా వెళ్లకండి. అవన్నీ ఉన్న చోట కోళ్లు సుఖంగానే ఉంటాయి. మనిషే పలకరించే దిక్కు లేక ఎండిపోతాడు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. నాకు అయిదు వందల కోళ్లున్నాయి. ఆ మాటకొస్తే అయిదు వందల మూడు. ఆ మూడింటి సంగతి తరవాత చెబుతాను.

అంతకు ముందు నేనొక ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఎవరో రాసిన ఉత్తరం మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి పక్క టేబులుకి పంపడం నా ఉద్యోగం. మా అపార్ట్‌మెంట్‌లో గోడకి అవతల ఒకాయన ఉండేవాడు. పదకొండేళ్లలో ఆయన ముఖం నేను చూడలేదు. దగ్గు మాత్రం బాగా తెలుసు. పొడిదగ్గు నుంచి తడిదగ్గులోకి మారినప్పుడు మా ఆవిడ, "పాపం, ఎవరైనా చూస్తున్నారో లేదో," అంది. నేను టీవీ సౌండు పెంచాను. మాకు లిఫ్టు ఉండేది, జనరేటరు ఉండేది, గేటు దాకా తారురోడ్డు ఉండేది. ఇన్ని సదుపాయాలుండగా మధ్యలో మనిషెందుకండీ?

ఉద్యోగం వదిలేసి కోళ్ల ఫారం పెడతానంటే మా ఆవిడ తమ్ముడు వెంటనే లాప్‌టాప్ తెరిచాడు. అతను కన్సల్టెంటు. అంటే, మనకి తెలిసిందే మన దగ్గరే అడిగి తెలుసుకుని, దాన్ని రంగురంగుల బొమ్మలుగా మార్చి మనకే చూపించే మనిషి.

"బావా, తొందరపడకు. ముందు స్థానిక సామాజిక, మౌలిక సదుపాయాల మదింపు చెయ్యాలి," అన్నాడు. నలభై రెండు ప్రశ్నల ఫారం తయారుచేశాడు. ఫారం పెట్టడానికి ఫారం!

ముగ్గురం కలిసి స్థలం చూడ్డానికి వెళ్లాం. ఇరవై రెండిళ్ల ఊరు. ఊరికీ పెద్ద రోడ్డుకీ మధ్య ఒక వాగు. వాగులో రెండు కాంక్రీటు స్తంభాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఎవరో తాడు కట్టి దుప్పట్లు ఆరేశారు. ఎండాకాలం కాబట్టి నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని దాటాం.

అవతలి ఒడ్డున ఒక పెద్దాయన ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. ఆ తరవాత మాకందరికీ ఆయన బాబాయ్ అయ్యాడు. పక్కనే ఒక వడ్రంగి కిటికీ చట్రానికి చిత్రిక పడుతున్నాడు. మా బావమరిది వాళ్ల ముందు లాప్‌టాప్ పెట్టి మొదటి ప్రశ్న అడిగాడు.

"ఊళ్లోకి రోడ్డు ఉందా అండీ?"

"మీరు నిలబడింది దాని మీదే కదా!" అన్నాడు వడ్రంగి.

మేమిద్దరం కిందికి చూశాం. ఉందనుకుంటే ఉంది.

"వంతెన?"

"సగం ఉంది," అన్నాడు బాబాయ్ ట్రాక్టరు కింద నుంచే.

"ఏ సగం?"

"నిలువు సగం. అడ్డం సగం ఇంకా రాలేదు."

"కరెంటు రోజూ ఉంటుందా?"

"రోజూ వస్తుంది. ఉండటమంటారా, అది దాని ఇష్టం."

"పశువుల డాక్టరు అందుబాటులో ఉంటారా?"

"ఫోన్‌లో ఉంటాడండీ."

"ఫోన్ సిగ్నల్ ఉందా మరి?"

"నా ట్రాలీ మీదికెక్కి పడమటికి తిరిగితే రెండు గీతలొస్తాయి. ఎక్కి చూస్తారా?"

మా బావమరిది ఎక్కి చూడలేదు. ఎర్ర గుర్తులు పెడుతూ పోయాడు. నలభై రెండింట్లో ముప్ఫై తొమ్మిది ఎరుపు. రెండు పసుపు. మిగిలింది ఒక్క ప్రశ్న: స్థానిక ప్రజల సహకారం ఎలా ఉంది?

"ఇది కొలవడం కుదరదు. ఖాళీగా వదిలేద్దాం," అన్నాడు.

అంతసేపూ మా ఆవిడ అక్కడ లేదు. బాత్రూం కోసమని దగ్గర్లో ఉన్న ఇంట్లోకి వెళ్లింది. అది రిటైరైన ఒక నర్సు ఇల్లు. ఊరంతా నర్సక్క అంటారు. అయిదు నిమిషాల పనికి వెళ్లిన మనిషి గంట తరవాత చేతిలో వంకాయ మొక్కతో, పాదానికి కట్టుతో, నవ్వుతూ బయటికొచ్చింది.

"కట్టేంటి?" అన్నాను కంగారుగా.

"మడమ నొప్పి. నాలుగేళ్లుగా ఉంది. నీకెప్పుడూ చెప్పలేదా?"

చెప్పే ఉంటుంది. నేను తగు చర్య నిమిత్తం ఎక్కడికో పంపే ఉంటాను.

"బావా, ఇక్కడ వద్దే వద్దు," అన్నాడు బావమరిది లాప్‌టాప్ మూస్తూ.

"ఇక్కడే," అంది మా ఆవిడ.

అలా మదింపు ముగిసింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సదుపాయాలు లేకపోవడం ఎంత గొప్ప సదుపాయమో వినండి!

దాణా లారీ వచ్చింది. వాగు చూసి అవతలి ఒడ్డునే ఆగింది. డ్రైవరు దిగి, మూటలన్నీ ఇసకలో దించి, "మీ తిప్పలు మీరు పడండి" అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నలభై మూటలు! నేను ఒకటి ఎత్తాను. మూట లేవలేదు గానీ నా నడుము కూర్చుండిపోయింది. పావుగంటలో ఊరు ఊరంతా వాగులోకి దిగింది. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మూటలు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు నడిచొచ్చాయి. మధ్యాహ్నానికల్లా నాకు ఇరవై రెండిళ్ల వాళ్లూ తెలుసు. ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడదో, ఎవరు మూట అందిస్తూ పాట పాడతారో అన్నీ తెలుసు. లారీ నేరుగా షెడ్డు దాకా వచ్చేసి ఉంటే? డ్రైవరు ఒక్కడే తెలిసేవాడు. అతనూ గుర్తుండేవాడు కాదు!

తరవాత పిల్లలొచ్చాయి. ఒక్కరోజు వయసున్న అయిదు వందల కోడిపిల్లలు, పచ్చటి దూదిపింజల్లా. వాటికి మొదటి వారాల్లో తల్లి రెక్కలంత వేడి కావాలి. అందుకని షెడ్డు నిండా బల్బులు వేలాడదీశాను. మూడో రోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. చలిగాలి మొదలైంది. సరిగ్గా అప్పుడే మా ట్రాన్స్‌ఫార్మరు టప్పున పేలి ఊపిరి వదిలింది.

నేను ట్రాలీ ఎక్కి, పడమటికి తిరిగి, లైన్‌మన్‌కి ఫోన్ చేశాను.

"నాలుగు రోజులు పడుతుంది సార్."

"నాలుగు గంటల్లో నా పిల్లలు చచ్చిపోతాయి నాయనా!"

"అయ్యో, ఎంతమంది సార్ పిల్లలు?" అన్నాడు హడలిపోయి. అయిదు వందలని చెప్పాక ఫోన్ పెట్టేశాడు.

షెడ్డులోకి వెళ్లేసరికి పిల్లలు ఒకదాని మీదొకటి కుప్పగా ఎక్కుతున్నాయి. కింద పడ్డవి నలిగిపోతున్నాయి. వాటి అరుపు వింటూ నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మా ఆవిడ మాత్రం నిలబడలేదు. అట్టపెట్టెలో యాభై పిల్లల్ని వేసుకుని నర్సక్క ఇంటికి పరిగెత్తింది. ఆ తరవాత నేను ఎవరినీ పిలవలేదు. వాళ్లే వచ్చారు. బుట్టలతో, బకెట్లతో, ఒకావిడైతే కొంగులోనే పోసుకుని తీసుకెళ్లింది.

నాలుగు రోజులు నా ఫారం ఇరవై రెండిళ్లలో నడిచింది. వడ్రంగి తన వర్క్‌షాపులో రంపపు పొట్టు పరిచి, కట్టెల పొయ్యి పెట్టి అరవై పిల్లల్ని సాకాడు. రంపం చప్పుడుకి అవి బెదురుతున్నాయని పని మానేశాడు. నర్సక్క గంటగంటకీ వాటి పొట్టలు ముట్టుకుని చూసి కాగితం మీద రాసుకుంది. బాబాయ్ ఎనభై పిల్లల్ని తన మంచం మీద, తన రగ్గు కింద పెట్టుకుని, తాను కుర్చీలో కూర్చున్నాడు.

"మీరెక్కడ పడుకుంటున్నారు బాబాయ్?" అని అడిగాను.

"పడుకుంటే నిద్రలో పొర్లుతానబ్బాయ్. నాకు పొర్లే అలవాటుంది," అన్నాడు.

అయిదో రోజు కరెంటొచ్చింది. పిల్లలు తిరిగొచ్చాయి. లెక్క చూస్తే అయిదు వందల మూడు! బాబాయ్ ఇంటి కోడి పొదిగిన నల్లపిల్లలు మూడు ఎనభైలో కలిసిపోయాయి. ఎన్నిసార్లు తీసుకెళ్లి ఇచ్చినా నా షెడ్డుకే వచ్చేవి. ట్రాన్స్‌ఫార్మరు పేలకపోతే ఈ బంధుత్వం ఎక్కడిదండీ?

ఇక టీకాలు. పశువుల డాక్టరు వాగు దాటి రాడు. ఆయన ఫోన్‌లో చెబితే నర్సక్క విని, ఒక్కో పిల్ల కంట్లో ఒక్కో చుక్క వేసింది. నలభై ఏళ్లు మనుషులకి సూదులేసిన చెయ్యి. అలవాటు పోలేదు. అయిదు వందల మూడు పిల్లలకీ విడివిడిగా, "అయిపోయింది, అయిపోయిందమ్మా, మంచి పిల్లవి కదూ," అని చెప్పి మరీ వేసింది!

ఇవన్నీ నేను ఒక వారపత్రికలో వారం వారం రాశాను. "వంతెన లేకపోవడమే మా వైభవం" అని ఒక శీర్షిక పెట్టాను. "కరెంటు పోతే మనుషులు వెలుగుతారు" అని ఇంకొకటి. పాఠకులు పొంగిపోయారు. పట్నంలో ఏసీ గదుల్లో కూర్చుని, "మీరెంత అదృష్టవంతులండీ, మా వీధికి నాలుగు లేన్ల రోడ్డుంది, ఏం లాభం?" అని ఉత్తరాలు రాశారు. నా ఛాతీ కోడిపుంజు ఛాతీలా పెరిగింది.

వానాకాలం ముదిరింది. రెండో విడత టీకా మందు బస్సులో అవతలి ఒడ్డుకొచ్చింది. ఐస్ బాక్సులో పెట్టి పంపారు. ఆ రోజే వాడెయ్యాలి. వాగు మోకాళ్ల దాకా ఉంది. నేను లుంగీ ఎగ్గట్టాను.

"నువ్వాగు తమ్ముడూ," అంది నర్సక్క. "నీకు ఈ వాగులో ఏ రాయి ఎక్కడుందో తెలీదు. నేను తెస్తా."

ఆగాను. నిజం చెబుతున్నాను, ఆగమన్నందుకు లోపల్లోపల సంతోషించాను కూడా.

ఆవిడ దాటింది. బాక్సు తీసుకుంది. తిరిగొస్తూ స్తంభాల మధ్యకొచ్చేసరికి ఒక రాయి పొర్లింది. మనిషి పడిపోయింది. మేం చూసేసరికి ఒక చెయ్యి మాత్రం నీళ్లపైన నిటారుగా ఉంది. ఆ చేతిలో ఐస్ బాక్సు!

బాబాయ్, నేను, వడ్రంగి దూకి పట్టుకున్నాం. మోకాలి కింద ఎముక విరిగి కాలు పక్కకి తిరిగిపోయింది. ఆవిడే చూసుకుని, "రెండు ఎముకలూ పోయాయి. కదపొద్దు, చెక్క కట్టండి," అంది. అని కళ్లు మూసుకుంది.

పైన ఎక్కడో కురిసిన వాన అప్పుడే కిందికి దిగింది. మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు నడుం దాకా వచ్చాయి. అవతలి ఒడ్డుకి అంబులెన్సు వచ్చి నిలబడింది. డ్రైవరు కేకేసి చెప్పాడు, "బండి నీళ్లలో దింపకూడదని రూలు సార్!" అతన్నేమనను? అతని రూలు అతనిది.

మాకు స్ట్రెచరు లేదు. వడ్రంగి ఇంటికెళ్లి, వీధి తలుపు మరలు విప్పి, తలుపు భుజాన వేసుకొచ్చాడు. బాబాయ్ ట్రాక్టరుని వాగులోకి దింపి, నీళ్ల జోరుకి అడ్డంగా నిలబెట్టాడు. ఆ మాటున తలుపు మీద నర్సక్కని పడుకోబెట్టి ఆరుగురం ఎత్తుకున్నాం. ఒక్కో అడుగూ తడుముకుంటూ వెళ్తున్నాం. ఆవిడ కళ్లు తెరిచి, "ఎడం పక్క వంగుతోంది, ఎత్తండ్రా. రోగిని ఇలాగేనా మోసేది?" అని తిట్టింది. ఆ తిట్టు విన్నాకే మాకు ఊపిరాడింది.

పడ్డప్పటి నుంచి ఆస్పత్రి మంచం ఎక్కేదాకా నాలుగు గంటలు. వాగు వెడల్పు ముప్ఫై అడుగులు.

"గంటలో తెచ్చుంటే ఇంత వాపుండేది కాదు. ఇప్పుడు రాడ్ వెయ్యాలి. నడక మునుపటిలా ఉండకపోవచ్చు," అన్నాడు డాక్టరు. మీరేమవుతారని అడిగాడు. తమ్ముణ్ణని చెప్పాను.

మర్నాడు ఇంటికొచ్చేసరికి మా ఆవిడ షెడ్డు గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ మందుసీసా. ముందు రోజు సాయంత్రమే ఒక్కతే కూర్చుని, అన్ని పిల్లల కళ్లలోనూ చుక్కలు వేసింది.

"నేనొచ్చేదాకా ఆగాల్సింది," అన్నాను.

"ఆవిడ కాలు విరగ్గొట్టుకుని తెచ్చింది. ఒక్క చుక్క వృథా పోతే ఎలా?" అంది. ఖాళీ సీసా తీసి నా చేతిలో పెట్టి, "ఈ వారం కూడా వాగు గొప్పతనం రాస్తావా?" అని అడిగింది.

ఆ వారం నేనేమీ రాయలేదు.

వంతెనకి అర్జీ మాత్రం రాశాను. ఇరవై రెండిళ్ల సంతకాలు పెట్టించాను. నెలన్నరకి జవాబొచ్చింది. ఎంత మర్యాదగా ఉందనుకున్నారు! సదుపాయాల శాఖ వారు వాగులున్న ఊళ్లన్నిటికీ మార్కులేస్తారట. తమంతట తాము నెట్టుకురాగల ఊళ్లకి వంతెన తరవాత. నెట్టుకురాలేని ఊళ్లకి ముందు. చదివితే న్యాయంగానే ఉంది కదండీ? మా ఊరికి సామాజిక సహకారంలో పదికి తొమ్మిది వచ్చాయి. కాబట్టి వంతెన జాబితాలో మా ఊరు చిట్టచివర ఉంది.

ఏ ఆధారంతో తొమ్మిది వేశారయ్యా అంటే, ఆధారాలు జతచేశారు. అవి నా వ్యాసాలు! కత్తిరించి, అంటించి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీసి మరీ పంపారు. "వంతెన లేకపోవడమే మా వైభవం" అన్న చోట రెండు గీతలు.

ఆ ఉత్తరాన్ని నర్సక్క వరండాలో అందరి ముందూ చదివాను. కట్టుకాలు స్టూలు మీద చాపుకుని ఆవిడ విన్నది. నేను తలెత్తలేదు.

"బాగా రాస్తావు తమ్ముడూ," అంది. "ఆ మార్కు తగ్గించే మార్గం చూడు."

మళ్లీ సర్వే చెయ్యమని అడిగాం. ఒప్పుకున్నారు. తేదీ చెప్పారు. ఇక మా ఊరు చెడిపోవడానికి సిద్ధమైంది!

మా బావమరిదే వచ్చి శిక్షణ ఇచ్చాడు. ఎవరూ పలకరించకూడదు. మంచినీళ్లివ్వకూడదు. పక్కింటి సంగతి అడిగితే "మాకు తెలీదు" అని తలుపేసుకోవాలి. రిహార్సల్లో వడ్రంగి బాగానే చేశాడు. బాబాయే కష్టమయ్యాడు. ముఖం చిట్లించమంటే ఆయనకి తుమ్ము వస్తున్నట్టు ఉంటుంది తప్ప కోపం రాదు.

"నువ్వు మీ అపార్ట్‌మెంట్లో ఎలా ఉండేవాడివో నేర్పబ్బాయ్," అన్నాడు నాతో.

నేర్పాను. నాకంటే అర్హులెవరున్నారు? లిఫ్టులో ఎదుటివాడి ముఖం చూడకుండా నంబర్లవైపు ఎలా చూడాలో, దగ్గు వినిపిస్తే టీవీ ఎలా పెంచాలో అన్నీ చూపించాను. జనం నోరెళ్లబెట్టి చూశారు. "అంతేనా? నిజంగా వెళ్లి చూడలేదా?" అని ఒకావిడ అడిగింది. నేను తరవాతి పాఠానికి వెళ్లిపోయాను.

సర్వే ఆఫీసరు జీపులో వచ్చాడు. కొత్తగా చేరిన కుర్ర ఆఫీసరు, చేతిలో ట్యాబ్లెట్టు. వాగు తగ్గిందనుకుని దింపేశాడు. నడిమధ్యకొచ్చాక ముందు చక్రాలు ఇసకలోకి కూరుకుపోయాయి. ఇంజను దగ్గి ఆగిపోయింది. నీళ్లు సీట్లలోకి వచ్చేశాయి. పాపం, బానెట్ మీదికెక్కి, ట్యాబ్లెట్టు నెత్తిన పెట్టుకుని, "ఎవరైనా ఉన్నారా? కాస్త సాయం చెయ్యండి!" అని అరిచాడు.

ఇంతకంటే మంచి అవకాశం ఎవరికొస్తుంది? ఊరంతా ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడింది. అందరం ఆకాశంలో లేని నంబర్లు చూస్తున్నాం. మా బావమరిది సంతోషంగా గడియారం చూసుకుంటున్నాడు. అయిదు నిమిషాలు. ఏడు. బాబాయ్ ట్రాక్టరు తాళం జేబులోంచి తీస్తాడు, మళ్లీ పెడతాడు. తొమ్మిది నిమిషాలు. ఆఫీసరు కాలు జారి ఒక మోకాలి మీద కూలబడ్డాడు. ఒడ్డున అందరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. తిరిగి నోళ్లు మూసుకున్నారు.

అప్పుడు వెనక నుంచి చేతికర్ర నేలకేసి కొట్టిన చప్పుడు. నర్సక్క! కుంటుకుంటూ వరండా నుంచి ఒడ్డు దాకా వచ్చేసింది.

"ఏరా, మనుషులేనా మీరు? ఆ పిల్లాడు పడితే కాలు విరగదా? చూస్తారేంటి, దిగండి!"

అంతే. ఇరవై రెండిళ్లు ఒక్కసారిగా వాగులోకి దూకాయి. నేను కూడా దూకాను, ఏ రాయి ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు. ట్రాక్టరు వచ్చింది, తాళ్లు వచ్చాయి, ఆఫీసరు భుజాల మీద వచ్చాడు. వడ్రంగి ఇంట్లోంచి తన పొడి చొక్కా తెచ్చి అతనికి తొడిగాడు. తడిసిన ట్యాబ్లెట్టు పోతే మార్కులన్నా పోతాయని నేను ఆశపడుతుంటే, మా ఆవిడ దాన్ని తుడిచి, పొయ్యి వేడిన పెట్టి బతికించింది. నర్సక్క అతని మోకాలు కడిగి మందు రాసింది. "అయిపోయింది, అయిపోయింది నాయనా," అంది.

ఆ కుర్రాడి కళ్లు చెమర్చాయి. "సార్, పట్నంలో నేనున్న చోట జ్వరంతో వారం పడుకుంటే ఎవరూ తలుపు తట్టలేదు," అన్నాడు నాతో. "మీ ఊరి గురించి నిజాయితీగా రాస్తాను."

"వద్దు బాబూ!" అన్నాను.

రాశాడు. సామాజిక సహకారం: పదికి పది. వంతెన ఆవశ్యకత: ప్రస్తుతానికి లేదు.

నర్సక్క ఇప్పుడు వాగు దాటదు. దాటలేదు. మందులకైనా, చెకప్పుకైనా మేమే మోసుకెళ్తాం. తలుపు మీద పడుకోబెట్టినప్పుడల్లా, "నన్ను కూడా వ్యాసంలో రాసి ఇంకో మార్కు తెప్పించకు తమ్ముడూ," అంటుంది. మా మంచితనం ఖరీదు ఆవిడ కాలు చెల్లించాల్సి వచ్చిందన్న సంగతి ఏ ఫారంలోనూ ఏ గడిలోనూ పట్టదు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇది వ్యాసం కాదు, ప్రకటన. మా ఊరికి ఒక చెడ్డ పొరుగువాడు అర్జెంటుగా కావాలి. పిలిస్తే పలకకూడదు. ఎవరు పడ్డా చూడకూడదు, చూసినా ఆగకూడదు. మీ వీధిలో అలాంటివాళ్లు చాలామంది ఉన్నారని మీ ఉత్తరాల వల్లే తెలిసింది. ఇల్లు మేమే కట్టిస్తాం, షెడ్డు వేయిస్తాం, కోడిపిల్లల్ని కూడా ఇస్తాం. మీరు చెయ్యాల్సిందల్లా మా మార్కులు చెడగొట్టడమే.

ఒక్క హెచ్చరిక. మా దగ్గరికి రావాలంటే వాగు దాటాలి. దాటుతూ మీరు జారిపడితే, చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకుంటామని మాత్రం మాటివ్వలేం. తొమ్మిది నిమిషాలకి మించి మా వల్ల కాదు.